కోడి బరువు... టేపు చెబుతుంది!

తక్కెడ లేని బేరం. చేత్తో ఎత్తి చూసి ధర కట్టే వ్యాపారి. ఆయన చెయ్యి చెప్పిందే బరువు, నోరు చెప్పిందే ధర. అరకు కొండల సంతల్లో తరాలుగా సాగుతున్న ఈ కోళ్ల బేరంలోకి బట్టలు కుట్టేవాళ్ల టేపు ఒకటి వస్తే..?

విశాఖపట్నం నుంచి అరకు లోయ సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటేదాకా మామూలు రోడ్డే. ఆ తర్వాత కొండ మొదలవుతుంది. మలుపు మలుపుకీ గాలి చల్లబడుతుంది. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లను పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు. ఇంకాస్త ముందుకెళితే రోడ్డు పక్కన నిప్పుల మీద వరసగా పేర్చిన వెదురు బొంగులు. అదే బొంగు చికెన్. రైల్లో వచ్చేవాళ్లది మరో అనుభవం. కొత్తవలస-కిరండూల్ మార్గంలో సొరంగాలూ వంతెనలూ దాటుకుంటూ, 2017లో మొదలైన అద్దాల పెట్టెలో కూర్చుని లోయనంతా కళ్లారా చూసుకోవచ్చు.

మామూలుగా పర్యాటకులు చూసేది ఇంతవరకే. కొండమీది జీవితం చూడాలంటే మాత్రం సంతకు వెళ్లాలి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక్కో ఊరి సంతకు వారంలో ఒక్కో రోజు. ఆ రోజు తెల్లవారకముందే కొండ దారులన్నీ సంత వైపే నడుస్తాయి. భగత, వాల్మీకి, కోటియ, కొండదొర, పోర్జ, గదబ... ఎవరి ఊరి నుంచి వాళ్లు బయల్దేరతారు. కావిళ్లలో పసుపు, అల్లం, పిప్పళ్లు, చింతపండు, రాజ్‌మా గింజలు. తలల మీద అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు. తిరుగు ప్రయాణంలో ఉప్పు, నూనె, ఎండుచేపలు, పిల్లలకు బట్టలు.

ఆ జనంలో చంకలో ఓ కోడిపుంజును పెట్టుకునో, కాళ్లు కట్టిన రెండు పెట్టలను చేత్తో పట్టుకునో నడిచే ఆడవాళ్లు తప్పక కనిపిస్తారు. ఈ కథ వాళ్లది... వాళ్ల కోళ్లది.

పెరట్లో బ్యాంకు

కొండ ఊళ్లో కోడంటే పండక్కి కూరొక్కటే కాదు. ఇటుకల పండగకు, కొర్రకొత్తకు అది కావాలి. చుట్టం వస్తే కావాలి. పిల్లాడికి జ్వరమొచ్చి ఆస్పత్రికి వెళ్లాలన్నా, హాస్టల్లో ఉన్న అమ్మాయికి పుస్తకాలు కొనాలన్నా చేతిలోకి డబ్బు తెచ్చేది అదే. ఆవును అమ్మాలంటే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. కోడిని అమ్మడానికి ఇంటి ఇల్లాలి మాట చాలు. ఆ డబ్బు కూడా ఎక్కువగా ఆమె చేతిలోనే ఉంటుంది.

దాన్ని పెంచడానికి పెద్ద ఖర్చూ లేదు. కళ్లంలో రాలిన చోళ్లు, సామలు, పుట్టలోని చెదలు, పెంటకుప్పలో పురుగులు... దాని తిండి అదే వెతుక్కుంటుంది. ఫారంలో బ్రాయిలర్ కోడి ఆరేడు వారాల్లోనే రెండు కిలోలు దాటుతుంది. నాటుకోడి కిలో, కిలోన్నరకు చేరాలంటే ఐదారు నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ గద్ద నుంచి, అడవిపిల్లి నుంచి, కొక్కెర తెగులు నుంచి దాన్ని కాపాడుకోవాలి. అన్ని గండాలూ దాటి సంతకు చేరిన కోడి ఆ ఇల్లాలికి అరేడాది కష్టం.

ఆ కష్టానికి ఖరీదు కట్టడానికి సంతలో పట్టేది అర నిమిషం!

చెయ్యే తక్కెడ

వ్యాపారి వస్తాడు. కోడిని రెక్కల దగ్గర పట్టి పైకెత్తుతాడు. ఒకటి రెండుసార్లు చెయ్యి కిందికీ పైకీ ఆడిస్తాడు. రొమ్ము మీద వేళ్లతో నొక్కుతాడు. మధ్యలో ఉండే ఎముక కత్తిలా గుచ్చుకుంటే కండ తక్కువ, కండలో కలిసిపోయి ఉంటే కోడి దిట్టంగా ఉన్నట్టు. కాళ్లు చూస్తాడు, తోక కింద చూస్తాడు. అంతే.

''ఎంతకిస్తావమ్మా?''

''నువ్వే చెప్పు బాబూ.''

ఆ ''నువ్వే చెప్పు'' దగ్గరే సగం బేరం అయిపోతుంది. ఎందుకంటే కోడి బరువెంతో అతనికి తెలుసు. ఆమెకు తెలియదు. రోజుకు ఎన్నో కోళ్లను ఎత్తి, మధ్యాహ్నానికి వాటినే పట్నంలో కాటా మీద పెట్టి అమ్మే చెయ్యి అది. తన అంచనా ఎంత తప్పిందో, ఎంత సరిపోయిందో ఆ కాటా అతనికి వారం వారం నేర్పుతూనే ఉంటుంది. ఏడాదికి నాలుగైదు కోళ్లు అమ్మే ఇల్లాలికి ఆ బడి లేదు.

లెక్క కోసం ఓ కోడి 1600 గ్రాములుందనుకుందాం. వ్యాపారి దాన్ని 1300 గ్రాములుగా లెక్కగట్టాడనుకుందాం. కిలో 500 రూపాయలైతే ఆ ఒక్క కోడి మీద ఆమె పోగొట్టుకున్నది 150 రూపాయలు. మోసం చేశాడని అనలేం. చేతి తూకంలో అంత తేడా రావడం వింతేమీ కాదు. కానీ ఆ తేడా ఎప్పుడూ ఒకవైపే ఎందుకు మొగ్గుతుందన్నదే ప్రశ్న. ఎత్తిన చెయ్యి కొనేవాడిదైనప్పుడు తూకం తక్కువ చెప్పడమే దానికి లాభం.

ఆ మాటకొస్తే, చూసి బరువు చెప్పడమన్నది ఒక్క అరకు విద్యే కాదు. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణంలో పశువుల, కోళ్ల ప్రదర్శన జరిగింది. అక్కడ ఓ ఎద్దును నిలబెట్టి, కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పోటీ పెట్టారు. జనం డబ్బిచ్చి టికెట్లు కొని తమ అంచనాలు రాశారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ టికెట్లన్నీ తెప్పించుకుని లెక్క వేసి, మరుసటి ఏడాది ప్రచురించాడు. పనికొచ్చే టికెట్లు 787. వాటిని చిన్న నుంచి పెద్దకు వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో నిలిచిన అంచనా 1207 పౌండ్లు. అసలు తూకం 1198 పౌండ్లు. తేడా ఒక్క శాతం కూడా లేదు!

ఒక్కొక్కరుగా చూస్తే చాలామంది ఎంతో కొంత తప్పారు. ఎక్కువ చెప్పినవాళ్లూ తక్కువ చెప్పినవాళ్లూ కలిసేసరికి తప్పులు చెల్లిపోయి నిజం బయటపడింది. అరకు సంతలో ఆ ఇల్లాలి ముందు 787 మంది ఉండరు. ఒక్కడే ఉంటాడు... అతనే కొనేవాడు!

టేపు ఎక్కడ పెట్టాలి?

అయితే ఆమె చేతికి రెండో అంచనా ఎక్కడి నుంచి రావాలి? జవాబు కోడి ఒంటి మీదే ఉంది. దర్జీ టేపుతో కొలిస్తే కోడి బరువు దాదాపుగా చెప్పొచ్చన్నది పశుపోషణ శాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్న విషయం. నైజీరియా, ఇథియోపియా లాంటి ఆఫ్రికా దేశాల్లో, మన దేశంలో నాటుకోళ్ల మీద ఈ కొలతలు విరివిగా తీశారు. కాటాలు అందని ఊళ్లే అక్కడా ఎక్కువ.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో నాటు జాతుల వివరాలు నమోదు చేయడానికి ఓ మార్గదర్శిని తెచ్చింది. కోడి విషయంలో బరువుతో పాటు శరీరం పొడవు, రొమ్ము చుట్టుకొలత, కాలి పొడవు, చాపిన రెక్కల వెడల్పు లాంటివి కొలవమంటుంది. ఇవి కాక రొమ్ము ఎముక పొడవు, తొడ పొడవు, కాలి మందం కూడా పరిశోధకులు కొలుస్తుంటారు.

వీటిలో బరువుకు చాలాసార్లు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది రొమ్ము చుట్టుకొలత. కారణం తేలికే. కోడి బరువులో పెద్ద వాటా రొమ్ము కండదీ, దాని వెనకున్న పొట్టదీ. టేపు చుట్టేది సరిగ్గా అక్కడే. కోడిని ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. రెండు రెక్కలూ కాస్త పైకెత్తి, వాటి కింద నుంచి రొమ్ము చుట్టూ టేపు తిప్పాలి. ఈకలు అణగాలి కానీ చర్మం నొక్కుకోకూడదు. కోడి గింజుకుంటుంది, ఊపిరి పీలుస్తుంది, కాబట్టి మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. ఉదయం మేత వెయ్యకముందు కొలిస్తే మంచిది. మేత తిని నీళ్లు తాగిన కోడికి, ఖాళీ కడుపుతో ఉన్న కోడికి కాటా మీద తేడా బాగానే కనిపిస్తుంది.

రెండోది కాలు. తొడ కింద మోకాలిలా వెనక్కి వంగి కనిపించే కీలు నుంచి వేళ్లు మొదలయ్యేచోటు దాకా పొలుసులతో ఉండే భాగాన్ని శాంక్ అంటారు. నిజానికి మనం మోకాలనుకునేది కోడికి చీలమండ. అసలు మోకాలు ఈకల్లో దాక్కుని ఉంటుంది. శాంక్‌కు ఈకల అడ్డంలేదు, కండ ఊగిసలాట లేదు. ఎవరు కొలిచినా దాదాపు ఒకే అంకె వస్తుంది.

అలాగని అన్ని కొలతలూ తీస్తే లెక్క మరింత గట్టిపడుతుందా అంటే, అంతగా లేదు. రొమ్ము పెద్దదైన కోడికి సాధారణంగా ఒళ్లూ పొడవే, రెక్కలూ పొడవే. ఒక కొలత చెప్పిన సంగతినే రెండోది మళ్లీ చెబుతుంది. అందుకే ఊళ్లో వాడకానికి ఒకటి, మహా అయితే రెండు కొలతలు చాలు.

అంగుళం పెరిగితే ఎంత పెరుగుతుంది?

కొలత తెలిశాక దాన్ని బరువుగా మార్చడమెలా? మొదట కొన్ని కోళ్లను కాటా మీదా పెట్టాలి, టేపుతోనూ కొలవాలి. గళ్ల కాగితం మీద అడ్డంగా చుట్టుకొలత, నిలువుగా బరువు వేసి ఒక్కో కోడికి ఒక్కో చుక్క పెట్టాలి. వంద కోళ్లయ్యేసరికి ఆ చుక్కలన్నీ ఏటవాలుగా ఓ మేఘంలా పరుచుకుంటాయి. ఆ మేఘం మధ్యగా, అన్ని చుక్కలకూ వీలైనంత దగ్గరగా ఓ గీత గీస్తారు. గణితంలో దాన్నే రిగ్రెషన్ అంటారు. ఆ పేరు పెట్టింది కూడా ప్లిమత్ టికెట్లు లెక్కపెట్టిన గాల్టనే. తల్లిదండ్రుల ఎత్తుకూ పిల్లల ఎత్తుకూ ఉన్న సంబంధం చూస్తూ 1880ల్లో ఆ మాట వాడాడు. గీత ఒకసారి దొరికాక, కొత్త కోడిని కాటా ఎక్కించకుండానే చుట్టుకొలతను బట్టి బరువు చదువుకోవచ్చు.

ఇక్కడో కిటుకుంది. చుట్టుకొలత కాస్త పెరిగితే బరువు చాలా పెరుగుతుంది. కోడి ఆకారం మారకుండా అన్ని దిక్కులా పదో వంతు పెరిగిందనుకుందాం. అంటే 30 సెంటీమీటర్ల చుట్టుకొలత 33 అయింది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదో వంతు పెరిగాయి కాబట్టి బరువు పెరిగేది పదో వంతు కాదు, దాదాపు మూడో వంతు! టేపు రెండు సెంటీమీటర్లు వదులైతే అంచనా ఎంత చెడిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. చిన్న పిల్ల నుంచి పెద్ద పుంజు దాకా ఒకే తిన్నని గీత ఎందుకు సరిపోదో కూడా తెలుస్తుంది. ఆ గీత వంపు తిరిగి పైకి లేస్తుంది.

పాడి రైతులకు ఈ సంగతి కొత్త కాదు. ఆవు ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో కొలిచి, దాన్ని అదే అంకెతో గుణించి, మళ్లీ ఒంటి పొడవుతో గుణించి, 300తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుంది. ఛాతీ 60 అంగుళాలు, పొడవు 50 అంగుళాలు ఉంటే 600 పౌండ్లు. అంటే సుమారు 272 కిలోలు. పశువైద్యులు ఎంతోకాలంగా వాడుతున్న సూత్రం ఇది. బరువులు నేరుగా అచ్చువేసిన టేపులు కూడా ఆవులకు, పందులకు దొరుకుతాయి.

మరి కోడికి అలాంటి ఒకే సూత్రం ఎందుకు లేదు? కోళ్లలో జాతికీ జాతికీ తేడా అంతటిది. మన ఆంధ్రప్రదేశ్‌నే తీసుకున్నా పొడుగు కాళ్లు, నిటారు మెడ, గట్టి కండలున్న అసీల్ ఒకటి. కాళహస్తి ఒకటి, ఘాగస్ మరొకటి. పుంజుకు, పెట్టకు తేడా. పడుచు పెట్టకు, ముదురు పెట్టకు తేడా. రొమ్ము నిండుగా ఉండే ఫారం కోడిని కొలిచి చేసిన పట్టికను అరకు పెట్టకు వాడితే, అది ప్రతిసారీ ఒకేవైపు తప్పు చెబుతుంది. అప్పుడు వ్యాపారి చేతికీ, టేపుకూ తేడా ఏముంది?

ఏ ఊరి కోడికి ఆ ఊరి పట్టిక. ఈ విద్యలో ముఖ్యమైన నియమం ఇదే.

రాజేంద్రనగర్‌లో అదే కాలు

సంతలో ముదురు బేరగాళ్లు కోడిని ఎత్తకముందే కాళ్లు చూస్తారు. కాలు పొడవుగా, ఎముక గట్టిగా ఉంటే పెరిగే కోడి అని లెక్క. ఈ చూపుకు శాస్త్రం వేసిన ముద్ర చూడాలంటే అరకు కొండ దిగి హైదరాబాద్ శివారు రాజేంద్రనగర్ దాకా రావాలి. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోళ్ల పరిశోధన సంస్థ 1988 నుంచి అక్కడ పనిచేస్తోంది. పెరటి పెంపకం కోసం ఆ సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు తెలుగు రాష్ట్రాలను దాటి దేశమంతా వెళ్లాయి. అసీల్‌ను మెరుగుపరిచి చేసిన వనశ్రీ కూడా అక్కడిదే.

వనరాజా పిల్లలకు తండ్రి వైపు వంశాన్ని ఎంచేటప్పుడు అక్కడి శాస్త్రవేత్తలు పెట్టుకున్న కొలబద్ద ఏమిటో తెలుసా? ఆరు వారాల వయసులో శాంక్ పొడవు! కాలు పొడవున్న పిల్లలను ఎంచి తరం తరం ముందుకు నడిపించారు. ఎందుకంటే పెరట్లో తిరిగే కోడికి బరువొక్కటే ఉంటే చాలదు. కుక్క వెంటపడినా, గద్ద వాలినా పరిగెత్తి ప్రాణం దక్కించుకోవాలి. పొట్టి కాళ్ల మీద మోయలేని కండ ఉన్న కోడి పల్లెలో ఎక్కువకాలం బతకదు. మధ్యరకం బరువు, పొడుగాటి కాలు ఉన్నదే పెరటికి సరైనది.

కాలు ఎముక చిన్న వయసులోనే వేగంగా పెరిగి ముందుగా ఆగిపోతుంది. కండ ఆ తర్వాత కూడా పడుతూనే ఉంటుంది. అందుకే శాంక్ పొడవు ఆ కోడి ఎంత చట్రం మీద పెరుగుతోందో చెబుతుంది. ఆ చట్రం మీద ఇవాళ ఎంత కండ ఉందో చెప్పేది రొమ్ము చుట్టుకొలత. అమ్మబోయే కోడికి టేపు రొమ్ము చుట్టూ తిప్పాలి. విత్తనానికి ఉంచుకునే పుంజును ఎంచేటప్పుడు కాలు కొలవాలి. కొండ ఊళ్లలో చాలాచోట్ల పెద్ద పుంజునే సంతకు తోలేస్తారు, ధర ఎక్కువొస్తుంది కాబట్టి. ఇంట్లో మిగిలేది చిన్నవే. నాలుగు తరాలు అలా గడిస్తే ఆ ఊరి కోళ్లే చిన్నవైపోతాయి. సంతకు పంపేముందు నాలుగు పుంజుల కాళ్లు కొలిచి, ఒక మంచిదాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి కాటా అక్కర్లేదు.

టేపు తడబడే చోట్లు

టేపును గుడ్డిగా నమ్మకూడదు. పొదుగు మీద కూర్చున్న పెట్ట 21 రోజులూ సరిగా తినదు, చిక్కిపోతుంది. దాని కాలు మాత్రం అదే పొడవు. కాలిని బట్టి లెక్కేస్తే ఉన్న బరువుకన్నా ఎక్కువ చెబుతుంది. ఈకలు రాల్చుకునే కాలంలో చుట్టుకొలత తగ్గినట్టు కనిపిస్తుంది. గుడ్డు పెట్టబోయే పెట్టకు ఆ గుడ్డు బరువూ అదనమే. జబ్బుపడి తేలికైన కోడి, పొట్టలో నీరు చేరిన కోడి ఏ పట్టికకూ లొంగవు.

ఇవేవీ లేని మంచి కోళ్లలో కూడా కొన్ని గీతకు పైన, కొన్ని కింద ఉంటాయి. కాబట్టి టేపు చెప్పేది ఒకే అంకె కాకూడదు. ''1500 గ్రాములు'' అనడం కంటే ''1400 నుంచి 1600 మధ్య'' అనడం నిజాయతీ. అయినా ఆమెకు అది చాలు. వ్యాపారి 1200 అన్నాడంటే అడగాల్సిన ప్రశ్న ఆమె దగ్గర ఉంటుంది.

పైగా టేపు తప్పు ఒకరి పక్షాన ఉండదు. సొంత కోళ్ల పట్టికైతే అది ఓ కోడికి వంద గ్రాములు ఎక్కువ చెబుతుంది, మరో కోడికి వంద తక్కువ చెబుతుంది. పది కోళ్లు అమ్మేసరికి ఎక్కువా తక్కువా చాలావరకు చెల్లిపోతాయి, ప్లిమత్ టికెట్లలాగే.

బరువు తెలియడం వల్ల ధరే కాదు, వైద్యానికీ లాభముంది. కొక్కెర తెగులుకు కంట్లో వేసే టీకా చుక్క చిన్న కోడికైనా పెద్ద కోడికైనా ఒకటే. నులిపురుగుల మందు అలా కాదు. కోడి బరువును బట్టి ఇవ్వాలి. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే కోడికే చేటు. పశువైద్యుడికి ఫోన్ చేసినప్పుడు ''పెద్ద కోడే'' అనడానికీ, ''కిలోన్నర ఉంటుంది'' అనడానికీ ఎంతో తేడా ఉంది.

కాటా ఉండగా టేపెందుకు?

ఇంత లెక్కెందుకు, చేతికి తగిలించుకునే డిజిటల్ కాటా ఒకటి కొంటే పోలేదా అని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. మంచి కాటా ఉన్నచోట టేపు అక్కర్లేదు. కెమెరాతో ఫొటో తీసి కోడి బరువు చెప్పే పద్ధతులు కూడా పెద్ద ఫారాలకు వచ్చేశాయి. వాటి లోపల జరిగేదీ ఇదే. కెమెరా కోడి ఒంటి వైశాల్యాన్ని కొలుస్తుంది, కంప్యూటర్ గీత గీస్తుంది.

సంతలో చిక్కు వేరు. కాటా ఉన్నా అది వ్యాపారిదే అవుతుంది. బ్యాటరీ అయిపోతే ఊళ్లో దొరకదు. ముల్లు సరిగ్గా ఉందో లేదో చూసుకునే దారీ ఆమెకు లేదు. సంతలో ఇవాళ్టికీ గింజలను సోలతో, మానికతో, కుంచంతో కొలుస్తారు. కళ్ల ముందు నిండే కొలతను నమ్ముతారు. టేపు ఆ కోవలోది. గీతలు కంటికి కనిపిస్తాయి, ఎవరు చదివినా ఒకటే. అంతకన్నా ముఖ్యంగా, కొలత సంతలో కాదు, ముందురోజు రాత్రి ఇంట్లోనే అయిపోతుంది. కోడి గూటిలో ముడుచుకున్నాక పట్టుకోవడమూ సులువే. సంతకు నడిచేటప్పటికే ఆమెకు తన కోడి ఎంతో తెలుసు.

అలాంటి టేపు తయారుచేసుకోవడానికి పెద్ద పరిశోధనశాల అక్కర్లేదు. ఓ ఊరి మహిళా సంఘం, స్థానిక పశువైద్య సిబ్బంది కలిస్తే ఒకట్రెండు నెలల పని. ఒకసారికి మంచి కాటా తెప్పించుకోవాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఎదిగిన పెట్టలు ఓ వంద, పుంజులు ఓ వంద తూయాలి, కొలవాలి. పెట్టలకూ పుంజులకూ వేర్వేరు పట్టికలు రాయాలి. ఒక్కో సెంటీమీటరుకు ఎదురుగా సగటు బరువుతో పాటు ఆ చుట్టుకొలతలో కనిపించిన తక్కువ, ఎక్కువ బరువులూ రాయాలి. తర్వాత పట్టికలో లేని కొత్త కోళ్లు ఇరవై తెచ్చి, టేపు చెప్పింది ఒక కాగితం మీద, కాటా చెప్పింది మరో కాగితం మీద రాసుకుని పోల్చాలి. ఈ చివరి పరీక్ష చేయని పట్టికను వాడకూడదు. తాను చూసిన కోళ్లకు ఏ గీతైనా సరిపోతుంది. చూడని కోడికి సరిపోయిందా అన్నదే అసలు సంగతి.

చదవడం రానివాళ్ల కోసం టేపు మీద రంగులు వేసుకోవచ్చు. కిలో లోపు ఒక రంగు, కిలో నుంచి కిలోన్నర దాకా ఒకటి, ఆపైన ఇంకొకటి. పెట్టకు టేపు ఓ పక్క, పుంజుకు రెండో పక్క. మూడు నాలుగేళ్లకోసారి, లేదా ఊళ్లోకి వనరాజా లాంటి కొత్త రకం వచ్చి కలిసినప్పుడు, మళ్లీ తూచి పట్టికను సరిచూసుకోవాలి.

దానివల్ల సంత స్వరూపం రాత్రికి రాత్రే మారిపోదు. గిరాకీ లేని వారం ధర పడిపోతుంది. పండగ ముందు పెరుగుతుంది. చీకటి పడేలోగా కొండెక్కాల్సిన తొందర ఎప్పుడూ అమ్మేవాళ్లదే. ఏ టేపూ వాటిని మార్చలేదు. కానీ ''ఎంతకిస్తావమ్మా?'' అన్నప్పుడు ''నువ్వే చెప్పు బాబూ'' అనాల్సిన అవసరం పోతుంది. ''కిలోన్నర పైనే ఉంది, కావాలంటే కాటా పెట్టించు'' అనే మాట ముందు ఆమె నోటి నుంచే వస్తుంది.